మా జీపులో ఆయిల్ ఫిల్టర్

మొన్న ఆదివారం మా రఫీ తన బండికి ఆయిల్ తనే మారుస్తానని కూర్చున్నాడు. రఫీ మా పెద్దబ్బాయి. మార్కాపురంలో పలకల మిల్లు చూసుకుంటాడు. ఈమధ్యనే ఏడుగురు పట్టే పాత ఎస్‌యూవీ ఒకటి కొన్నాడు. పొద్దున టిఫిన్ కాగానే ఫోను బానెట్ అంచున నిలబెట్టి వీడియో పెట్టుకున్నాడు. అందులో ఎవరో ఒకాయన హిందీలో గడగడా మాట్లాడుతూ రెండు నిమిషాల్లో ఫిల్టర్ ఊడదీసి చేతిలో పెట్టుకుని చూపిస్తున్నాడు. మావాడు గంటసేపు ఇంజిన్‌లో తల దూర్చి, చివరికి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఈ బండికి ఫిల్టరే లేదు."

"ఫిల్టర్ లేకుండా బండి ఉండదు. నీకు కనపడలేదని చెప్పు."

"నువ్వొచ్చి చూడు మా. మెకానిక్కువి గదా నువ్వు!"

ఎగతాళికే అన్నాడు. నేను పిండి చేతులతోనే బయటికి వెళ్లాను. వాడు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసినట్టున్నాడు. ఇంజిన్ పైభాగాన, బానెట్ లోపలి అడ్డురేకు పక్కగా ఉన్న నల్లటి గుండ్రటి డబ్బాకు స్పానర్ తగిలిస్తూ, "ఇదే అయ్యుంటాది. డబ్బా మాదిరి ఉండేది ఇదొక్కటే," అన్నాడు. "దాన్ని ముట్టొద్దు!" అని అరిచాను. ఎదురింటి వాళ్లు కిటికీలోంచి తొంగి చూసేంత గట్టిగా అరిచాను. తర్వాత నాకే సిగ్గనిపించి, గొంతు తగ్గించి, ఆ డబ్బాకు వచ్చిపోయే సన్న గొట్టాలు వేలితో చూపించాను. ఇవి ట్యాంకు నుంచి వస్తున్నాయి, కాబట్టి ఇది డీజిల్‌ను వడకట్టేది. ఆయిల్‌ది ఇంజిన్ ఒంటికే అతుక్కుని ఉంటుంది, కిందికి చూడు అన్నాను. వాడు బండి కిందికి దూరి, అడుగున ఉన్న రేకు నాలుగు బోల్టులు విప్పితే, దాని వెనక అడ్డంగా పడుకుని ఉంది అసలు ఫిల్టర్. ఆ వీడియో పెట్రోలు బండిదట. మాది డీజిలు. అది అంతా అయ్యాకగానీ వాడు చూసుకోలేదు.

"నీకెట్ల తెలుసు మా ఇదంతా?" అని అడిగాడు చేతులు తుడుచుకుంటూ.

"లైబ్రరీలో చదివాను," అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మాది దూదేకుల ఇల్లు. కొనకనమిట్ల నుంచి లోపలికి ఎనిమిది కిలోమీటర్లు పోతే మా ఊరు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం. వసారాలో దూలానికి దూది ఏకే విల్లు వేలాడుతుండేది. తెల్లవారి మా నాయన ఆ విల్లు తీగను కొట్టడం మొదలుపెడితే ఆ మోతకే మేం నిద్ర లేచేవాళ్లం. దూది మేఘంలా లేచి, అన్నిటి మీదా పడేది. అమ్మ కనురెప్పల మీద, ఆరేసిన బట్టల మీద, పప్పు దాక మీద. మా కూరల్లో దూది పీచు రావడం మాకు తప్పుగా అనిపించేది కాదు. నాయన ఎదురుగా మా జేజి, అంటే ఆయన తల్లి, గోడకు ఆనుకుని కూర్చుని పరుపు గుడ్డ కుట్లు వేసేది. ఆమెకు ముక్కుపొడుం అలవాటు. పొడుం పీల్చి తుమ్మినప్పుడల్లా ఆమె ముందున్న దూది ఎగిరేది, నాయన విల్లు ఆపి, "అమ్మా, నువ్వొక దిక్కు నేనొక దిక్కు ఎగరగొడితే పరుపు ఎట్ల నిండుతాది?" అనేవాడు. సజ్జరొట్టె కాలుతున్న వాసన, ముక్కుపొడుం వాసన, వీటన్నిటి మీదా డీజిల్ వాసన. మా ఇల్లు తలచుకుంటే నాకు ముందు ముక్కుకే గుర్తొస్తుంది.

డీజిల్ వాసన జీపుది. అటవీ శాఖ వేలంలో ఎవరో పాడుకుని, నాలుగేళ్లు తోలి, నాయనకు అమ్మిన జీపు అది. పుట్టుక పెట్రోలు బండే. మధ్యలో ఎవరో దాని ఇంజిన్ తీసేసి వేరే బండి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. మా వైపు అప్పట్లో ఇది మామూలు. పెట్రోలు తాగే బండిని భరించలేని వాళ్లందరూ చేసే పనే. నాయన దాని మీద పరుపులు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. పరుపుల మీద మనుషులు ఎక్కేవాళ్లు. పెళ్లికూతుళ్లు, పురిటి మనుషులు, మేకలు, అందరికీ ఆ జీపే. ముఖ్యమైన ప్రయాణం ఏదైనా ఉంటే ముందురోజు నాయన ఇంజిన్ ఆయిల్ మార్చేవాడు. కొందరు కొబ్బరికాయ కొడతారు, కొందరు నిమ్మకాయలు తొక్కిస్తారు, మా నాయన ఆయిల్ మార్చేవాడు. తీసిన నల్ల నూనెను పారబోసేవాడు కాదు. తలుపు బందులకు, ఎద్దుబండి ఇరుసులకు, చెద పట్టకుండా వాసాలకు పూయడానికి ఊరంతా గిన్నెలు తెచ్చుకునేవాళ్లు.

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. హైస్కూలు దూరం. కానీ నాయన కొనకనమిట్ల పోయినప్పుడల్లా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, అక్కడ పెంకుటింట్లో ఉన్న లైబ్రరీ దగ్గర దించేసి, తన పని చూసుకుని, మళ్లీ ఎక్కించుకునేవాడు. ఆ గదిలో నాలుగు బీరువాలు ఉండేవి. మొదటి బీరువా పై అరలో మొదలుపెట్టి వరసగా చదివాను. ఎంచుకోవడం నాకు తెలియదు. ఎంచుకుని చదివేవాళ్లకు దొరకనివి అందుకే నాకు దొరికాయని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. తేనెటీగల పెంపకం చదివాను. హైదరాబాదు నవాబుల చరిత్ర చదివాను. మూడో బీరువా అడుగు అరలో అట్ట ఊడిపోయిన మోటారు ఇంజిన్ల పుస్తకం ఒకటి దొరికింది. ఆయిల్ ఫిల్టర్‌ను అందులో 'చమురు వడపోత డబ్బా' అని రాశారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాయన రెండు రోజులు నవ్వాడు. ఆ పుస్తకం ఇంటికి ఇవ్వరు కాబట్టి ఇంజిన్ బొమ్మ నా నోటు పుస్తకంలో దించుకున్నాను. ఒక్కొక్క భాగానికి బాణం గీసి పేరు రాసుకున్నాను. దించుకున్నది పెట్రోలు ఇంజిన్ అధ్యాయం ఒక్కటే. డీజిల్ అధ్యాయం పుస్తకం చివర్లో ఉంది. అన్ని ఇంజిన్లూ ఒకటే కదా అనుకున్నాను.

ఆ చదువు చూసే నాయనకు ధైర్యం వచ్చింది. నా చేత ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు కట్టించాడు. జేజి ఒప్పుకోలేదు. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. అది నా ఎదురుగానే పెట్టింది.

"ఒక్క తూరి రాయనీ. పోతే పోయినట్టే. మళ్లా ఆ లైబ్రరీ మాట ఈ ఇంట్లో ఇనపడగూడదు. పద్దాక బండెక్కి పుస్తకాల కోసరం పోయే పిల్లను ఎవరు చేసుకుంటారు? చదివి చదివి దీనికి మతి చెడితే ఎవడు బాధ్యుడు?"

"సరే మా," అన్నాడు నాయన. ఆయన ఆమె మాటకు ఎదురు చెప్పడు. సరే అన్నాడంటే నిలబడతాడు కూడా. అది నాకు తెలుసు కాబట్టే ఆ పరీక్ష నాకు ప్రాణం మీదికొచ్చినట్టుగా ఉండేది.

పరీక్ష కేంద్రం మార్కాపురంలో. మొదటి పరీక్ష శుక్రవారం. గురువారం సాయంత్రం జేజి ఎప్పటిలాగే పక్క ఊరి దర్గాకు సాంబ్రాణి వేయడానికి పోయింది. నాయన అలవాటు ప్రకారం ఆయిల్ మార్చడానికి బానెట్ ఎత్తాడు. ఈసారి ఫిల్టర్ కూడా మార్చాలి. మార్చి చాలా రోజులైంది. ఆ పని ఎప్పుడూ పొదిలి మెకానిక్కే చేసేవాడు. ఆయన ఏదో పెళ్లికి పోయి ఊళ్లో లేడు. కొత్త ఫిల్టర్ మాత్రం ఇంట్లో ఉంది, కాగితం మడతలు మడతలుగా పెట్టి చేసిన గుండ్రటి ముక్క. అది ఇంజిన్‌లో ఏ డబ్బాలోకి పోవాలన్నదే నాయనకు తెలియదు. మెకానిక్కు చేస్తుంటే ఆయన టీ తాగడానికి పోయేవాడట.

"నేను చూపిస్తా," అని నోటు పుస్తకం తెచ్చాను. బొమ్మలో డబ్బా ఒకటే ఉంది. జీపులో పైకి కనపడే డబ్బా కూడా ఒకటే ఉంది. బొమ్మలో దానికి నడిమధ్య బోల్టు ఉంది. జీపులో దానికీ ఉంది. నా వేలు దాని మీద పెట్టి, "ఇదే నాయనా, చమురు వడపోత డబ్బా," అన్నాను.

"రూఢిగా చెప్తన్నావా?"

"పుస్తకంలో ఉంది."

పుస్తకంలో ఉంది అంటే మా నాయనకు ఇంకో మాట అక్కర్లేదు. ఆయనకు సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. స్పానర్ వేసి తిప్పాడు. డబ్బా ఊడి వచ్చింది, దాంతోపాటు పలచటి ద్రవం ఆయన మోచేతుల దాకా కారింది. నల్లగా లేదు, జిగటగా లేదు. నాయన వాసన చూశాడు. నేను చూశాను. కొత్త ఫిల్టర్ ఆ డబ్బాలో పెట్టి చూస్తే పట్టలేదు.

"ఇది డీజిల్ డబ్బా మ్మే," అన్నాడు మెల్లగా. గుమ్మంలో నిలబడ్డ అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన కోప్పడలేదు. డబ్బా మళ్లీ ఉన్నచోట బిగించి, తలగుడ్డ తీసి పక్కన పెట్టి, జీపు కింద వెల్లకిలా పడుకున్నాడు. పడుకుని కళ్లు మూసుకున్నాడు. దూదిలో దాక్కున్న గింజ పొట్టును చూడకుండా వేళ్లతోనే ఏరేసే మనిషి ఆయన. వెచ్చగా ఉన్న ఇంజిన్‌ను అట్లాగే తడుముకుంటూ పోయాడు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాను. కొంతసేపటికి ఎడమ పక్క, బాగా కింద, నూనె, దుమ్ము కలిసి గడ్డకట్టిన చోట ఆయన చెయ్యి ఆగింది. గోటితో ఆ మట్టి గీకాడు. దాని కింద నుంచి ఇనుము మెరిసింది. "ఈడుంది దొంగముండ," అన్నాడు. అది విప్పితే నల్ల నూనె వచ్చింది. కొత్త ఫిల్టర్ అందులో సరిగ్గా కూర్చుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. కొత్త ఆయిల్ పోసి నాయన సెల్ఫ్ కొట్టాడు. జీపు స్టార్ట్ అయింది. నేను ఒకటి నుంచి పది లెక్కపెట్టేలోపు దగ్గి, ఊగి, ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. దీపాలు పెట్టే వేళకు బ్యాటరీ కూడా మూలగడం మొదలుపెట్టింది. జేజి దర్గా నుంచి వచ్చేసరికి నాయన బానెట్ దించేసి, "పొద్దున చూసుకుందాంలే," అంటున్నాడు. మా ఊరికి బస్సు లేదు. రోడ్డు దాకా నడిచినా, ఆ రోడ్డు మీద పొద్దున బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

తెల్లవారగానే అమ్మ ఊరి పక్కనున్న పల్లెలోకి పోయి ఏసురత్నం చిన్నాయనను పిలుచుకొచ్చింది. ఆయన రెడ్లింట్లో ట్రాక్టర్ తోలేవాడు. మా ఊరి చర్చిలో డప్పు కూడా ఆయనే కొట్టేవాడు. నోట్లో వేపపుల్లతో వచ్చాడు.

"ఏంది మస్తానన్నా, పరీక్ష పాపకా బండికా? బండి ముందే ఫెయిలయినట్టుందే!"

నవ్వుతూనే బానెట్ ఎత్తాడు. డీజిల్ డబ్బా బోల్టు మీద స్పానర్ గీత కొత్తగా మెరుస్తోంది. దాని మీద వేలు పెట్టి నవ్వు ఆపాడు.

"ఈ డబ్బా ఎవరు విప్పినారు?"

అప్పటికి వాకిట్లో పదిమంది చేరారు. జేజి అరుగు మీద కూర్చుని ఉంది. పొడుం డబ్బా మూత వేసి నా వైపు చూసింది.

"ఎవరు విప్పుతారు? ఇది పుస్తకం జూసి చెప్పుంటాది. అంతేనా మ్మే?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకు ఇప్పటికీ రూఢిగా తెలియదు. అవునని చెప్పేదాన్నని అనుకోవడం నాకు ఇష్టం.

"పాపకేం తెలుసుమా," అన్నాడు నాయన. "అది లోపల చదువుకుంటా ఉంది. నేనే విప్పినా. ఆయిల్‌ది అనుకున్నా."

అమ్మ నా వైపు ఒకసారి చూసి, నీళ్లు తేవాలన్నట్టు చెంబు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏసురత్నం చిన్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"డీజిల్ డబ్బాలో ఆయిల్ వెతికినావా అన్నా? ఇన్నేండ్ల నుంచి బండి తోల్తన్నావే!"

"తోలేది స్టీరింగ్ పట్టుకొని గదరా, డబ్బా పట్టుకొని కాదు గదా. నవ్వింది చాలు, పని చూడు."

"పనేముంది. లైనుకు గాలి పట్టింది. మా ట్రాక్టర్‌కు నెలకోతూరి పడతాది." డబ్బా పైనున్న చిన్న మర వదులు చేసి, పంపు పక్కన ఉన్న మీటను బొటనవేలితో నొక్కుతూ పోయాడు. మర సందులోంచి ముందు గాలి బుస్సుమంది. తర్వాత నురగ వచ్చింది, తర్వాత బుడగలు. బుడగలు ఆగి డీజిల్ నిండుగా కారగానే మర బిగించాడు. అంతే. నేను అట్లాగే చూస్తూ నిలబడ్డాను. ఇదంతా ఆ పుస్తకం చివర్లో ఉండి ఉంటుందని అప్పుడే తట్టింది. బ్యాటరీ చచ్చిపోయి ఉంది కాబట్టి వాకిట్లో ఉన్నవాళ్లందరూ కలిసి మిట్ట మీది నుంచి జీపును తోశారు. సగం దూరంలో అందుకుంది. నేను పరుగెత్తి ఎక్కాను. నాయన ఎక్కడా ఆపలేదు, ఇంజిన్ ఆగితే మళ్లీ తోసేవాళ్లు దొరకరని.

పరీక్ష మొదలైన పావుగంటకు చేరాం. గేటు దగ్గర ఉన్న సారు గడియారం చూసి, నాయన చేతులు చూసి, నన్ను లోపలికి వదిలాడు. జీపు ఎక్కేటప్పుడు అంటిన నూనెకు పేపరు మీద నా బొటనవేలి ముద్ర నల్లగా పడింది. మొదటి రెండు ప్రశ్నలు చదివేటప్పుడు నా చెవుల్లో ఇంకా జీపు మోతే. మూడో ప్రశ్న నుంచి రాయగలిగాను. నేను పాసయ్యాను. ఫలితాలు వచ్చిన రోజు జేజి తనే లేచి ఇంటింటికీ బెల్లం పంచింది. "మా పిల్ల," అంటూ పంచింది. ఆ పదో తరగతి కాగితం మీదే నాకు బ్రాంచి పోస్టాఫీసు ఉద్యోగం వచ్చింది. ఇప్పటి దాకా నేను తిన్న తిండి దాని మీదే.

నాయనకు దక్కింది ఇంకొకటి. వారం తిరక్కుండానే ఆయన పేరు డీజిల్ మస్తాను అయిపోయింది. టీ అంగడి దగ్గర, సంతలో, ఎక్కడ బండి ఆపినా అదే. "డీజిల్ మస్తానన్నా, ఈ పొద్దు యాడ వెతికినావు ఆయిలు?" అని ఒకడు, "నీళ్ల ట్యాంకులో చూసినావా?" అని ఇంకొకడు. పొదిలి మెకానిక్కు అయితే ఆయన కళ్ల ముందే గిరాకీలకు ఆ కథ చెప్పేవాడు. నాయన వాళ్లతోపాటు నవ్వేవాడు. ఒక రోజు ఆయన దూది ఏకుతుంటే ఎదురుగా కూర్చుని, ఎందుకట్ల చెప్పినావని అడిగాను. విల్లు ఆపకుండానే జవాబు చెప్పాడు.

"నేను విప్పినానంటే మస్తానుకు తెలివి లేదంటారు. నువ్వు చెప్పినావంటే ఆడపిల్లకు చదువెందుకంటారు. నాకు తెలివి లేదని ఊరికి ఎట్లనూ తెలుసు."

కొంచెంసేపు విల్లు మోత. తర్వాత, "ఇంకోతూరి పుస్తకం కడదాకా చదువు," అన్నాడు.

తర్వాతి వారం నేను కొనకనమిట్ల పోయి డీజిల్ అధ్యాయం చదివాను. ఆయిల్ ఫిల్టర్ ఎడమ పక్క కింద ఉండవచ్చని, డీజిల్ వడపోత విప్పితే గాలి తీయాలని, అన్నీ అందులో ఉన్నాయి. రెండు పేజీలు.

ఇప్పుడు రఫీ తప్పు డబ్బా విప్పినా ఏమీ అయ్యేది కాదు. వీడియో సరిగా లేదని అనేవాడు, మెకానిక్కుకు ఫోను చేసేవాడు, సాయంత్రానికి మరిచిపోయేవాడు. వాడి చెల్లెలు నేర్చుకుని విప్పినా అంతే. ఆ పిల్ల తప్పు ఆ పిల్లదే, ఆ గంటతోనే పోయేది. మా రోజుల్లో ఆడపిల్ల ఒక డబ్బాను తప్పుగా చూపిస్తే ఆ తప్పు చదువు మీద పడేది. ఆ ఊళ్లో చదువుకోవాలనుకునే ప్రతి పిల్ల మీదా పడేది. నా తర్వాత మా వీధి నుంచి ముగ్గురు పిల్లలు ప్రైవేటుగా పదికి కట్టారు. వాళ్ల ఇళ్లలో ఎవరూ మా ఇంటి జీపు సంగతి ఎత్తి అడ్డం చెప్పలేదు. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. వాళ్లకు తెలిసిందల్లా డీజిల్ మస్తాను కథ.

నిజం చెప్పడానికి నాకు సందర్భాలు చాలానే దొరికాయి. జేజి పోయాక చెప్పవచ్చు. ఉద్యోగం వచ్చాక చెప్పవచ్చు, అప్పటికి నన్ను ఎవరూ ఏమీ అనలేరు. ఒకసారి సంతలో నాయన పక్కనే ఉన్నాను, ఎవరో మళ్లీ ఆ మాట ఎత్తారు. నేను మాట మొదలుపెట్టేలోపు నాయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆ, నేనే విప్పినా. అయితే ఏందంట?" అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. అది ఒప్పుకోవాలి. ఆయన ఆపకపోయి ఉంటే చెప్పేదాన్నని నాకు నమ్మకం లేదు. ఆయన పోయిన రోజు మసీదు మైకులో మస్తాన్ సాహెబ్ అని చెబితే సగం మందికి ఎవరో తెలియలేదు. వీధిలో ఎవరో, "డీజిల్ మస్తానన్న పోయినాడంట," అని అరిచారు. అప్పుడు అందరూ వచ్చారు. నేను లోపల ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆ మాట విన్నాను, ఊరుకున్నాను.

ఆ పేరు గుర్తున్నవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇది చదివి వాళ్లకు చెప్పాలి. ఇదేనని వేలు పెట్టి చూపించింది నేను. రూఢిగానా అని ఆయన అడిగాడు, పుస్తకంలో ఉందన్నాను. మా నాయన చేసింది స్పానర్ తిప్పడం ఒక్కటే.